తండ్రి చనిపోయాక వచ్చిన ఉత్తరాలు

(డయోసిస్ శతవార్షికోత్సవ సందర్భమున పురుషుల సహవాస కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



"కుటుంబము - సమాజ సేవ" అనే అంశంపై మాట్లాడవలసిందని కమిటీవారు పంపిన ఉత్తరాన్ని నేను భోజనాల వేళ మా ఇంట్లో చదివి వినిపించాను. మా అమ్మాయికి పన్నెండేండ్లు. అంతా విని, "నాన్నగారూ, ఈ వారం ఎన్ని ఇండ్లకు విజిటింగుకు వెళ్ళారు?" అని అడిగింది. "పదకొండు" అన్నాను, కొంచెం గర్వంగానే. "మరి మన ఇంటికి ఎప్పుడు వస్తారు?" అంది.

మా ఇంటావిడ నవ్వింది. నేనూ నవ్వాను. కాని ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఇక్కడ కూర్చున్న గురువులకు, సంఘ కార్యదర్శులకు, కోశాధికారులకు, సండే స్కూలు పెద్దలకు ఆ ప్రశ్న కొత్తది కాదని నాకు తెలుసు. మీ ఇండ్లలో పిల్లలు పైకి అడగకపోయి ఉండవచ్చు, అంతే.

అందుచేత ఈ ఉదయం నేను సిద్ధాంతాలు చెప్పను. ఒక మనిషిని గుర్తు చేస్తాను. ఆయన మన తెలుగు దేశంలో పనిచేసినవారు కారు. మన డయోసిస్ రిజిస్టర్లలో ఆయన పేరు కనిపించదు. ఆయన పేరు జెస్సీ బ్రాండ్. తమిళనాడులో కొల్లి మలై అనే కొండలపై కాపురముండి, అక్కడే 1929లో కన్నుమూసిన దైవజనుడు. ఆయన కుమారుడు డాక్టరు పాల్ బ్రాండ్ గారి పేరు మీలో చాలామంది విని ఉంటారు. రాయలసీమ నుండి, కోస్తా నుండి జబ్బుపడినవారిని వెంటబెట్టుకొని వెల్లూరు ఆస్పత్రికి వెళ్ళినవారెందరో మన సంఘాలలో ఉన్నారు. ఆ ఆస్పత్రిలో కుష్ఠు రోగుల వంకరపోయిన వ్రేళ్ళను శస్త్రచికిత్సతో సరిచేసిన డాక్టరు ఆయనే. వేదాంత కళాశాలలో చదువుకునే రోజుల్లో ఆయన జీవిత చరిత్రను, ఆయన తల్లిగారి జీవిత చరిత్రను లైబ్రరీలో తీసుకొని చదివాను. రెండూ డొరతీ క్లార్క్ విల్సన్ అనే ఆమె వ్రాసినవి. కొడుకు గొప్పవాడు, తల్లి గొప్పది. అయినా ఇన్నేండ్లుగా నా మనసులో మెదులుతున్నది మాత్రం మధ్యలోనే వెళ్ళిపోయిన ఆ తండ్రి.

జెస్సీ బ్రాండ్ గారు 1885లో ఇంగ్లండులోని గిల్డ్‌ఫర్డు పట్టణంలో పుట్టారు. వారిది ఇండ్లు కట్టే వృత్తిగల కుటుంబం. కొంతకాలం ప్రాథమిక వైద్యం నేర్చుకొని, 1907లో మిషనరీగా మన దేశానికి వచ్చారు. కొల్లి మలై అప్పట్లో సేలం జిల్లాలో ఉండేది, ఇప్పుడు నామక్కల్ జిల్లాలో ఉంది. ఈనాడు ఆ కొండ పైకి డెబ్బై మలుపుల ఘాట్ రోడ్డు ఉన్నది, బస్సులు తిరుగుతున్నవి. ఆనాడు కాలిదారి తప్ప మరొకటి లేదు. మలేరియా జ్వరాలకు భయపడి మైదానాల వారు ఆ కొండమీద రాత్రి నిలిచేవారు కారు. పైన ఉండేది మలయాళీలు అనే గిరిజనులు. వీరు కేరళ వారు కారు. తమిళంలో "మలై" అంటే కొండ, "ఆళ్" అంటే మనిషి. కొండ మనుషులన్నమాట.

1913లో ఆయనకు ఎవెలిన్ హారిస్ అనే ఆమెతో వివాహమైంది. లండనులో కలిగిన ఇంటి బిడ్డ, బొమ్మలు చిత్రించే నేర్పుగలది. పెండ్లి జరిగిన దినమే ఇద్దరూ కొండకు ప్రయాణం కట్టారు. దారిలో వాన పట్టుకొని, పెండ్లి బట్టలతోనే తడిసి, బురదలో ఎక్కి పోయారట. ఆలోచించండి, మనమైతే ముహూర్తం చూసినంత జాగ్రత్తగా వాతావరణం కూడా చూసుకొనేవారం!

కొండపై వాళవంది అనే చోట ఆయన స్వయంగా ఇల్లు కట్టారు. చెదలు పట్టకుండా స్తంభాల మీద నిలబెట్టిన కొయ్య ఇల్లు. అక్కడి నుండి పల్లె పల్లెకు కాలినడకన, కొన్నిసార్లు గుర్రం మీద తిరిగారు. జ్వరాలకు మందిచ్చారు, పండ్లు పీకారు, పుండ్లు కడిగారు. బడి పెట్టారు, వడ్రంగం నేర్పారు. మన పెద్దలకు నారికురుపు గుర్తుండే ఉంటుంది. కాలి నుండి దారంలా పురుగు బయటికి వచ్చేది. తెలుగు జిల్లాలలో కూడా ఎందరినో అది మంచాన పడేసింది. ఆ కొండ పల్లెలలో అది విపరీతంగా ఉండేది. బ్రాండ్ గారు పురుగు మొనను సన్నని పుల్లకు చుట్టి, రోజుకు కొంచెం చొప్పున, తెగిపోకుండా ఓపికగా లాగేవారు. అంతటితో ఊరుకోలేదు. కురుపు ఉన్న మనిషి దిగుడుబావిలో కాళ్ళు ముంచితేనే ఆ నీళ్ళు తాగినవారికి ఈ వ్యాధి వస్తుందని తెలుసుకొని, ఎవరూ లోపలికి దిగకుండా బావుల చుట్టూ రాతి గోడలు కట్టించారు. ఇండ్లు కట్టే ఇంట పుట్టిన చేతులు కదా! ఆ వ్యాధి 2000 సంవత్సరంలో మన దేశమంతటా లేకుండా పోయినట్టు ప్రకటించబడింది. అలా ఓపికగా గోడలు కట్టించినవారి చెమట అందులో ఉన్నది.

ఇంత చేసినా ఏండ్ల తరబడి ఒక్క మనిషి కూడా వారి మాట వినలేదు. ఆ కొండలోని పూజారి వారికి గట్టి విరోధి. వారి మాట విన్నవారికి కీడు జరుగుతుందని ఆయన మాట. ఇంతలో 1918-19లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. కొండ మీద ఇంటింటా మనుషులు పడిపోయారు. వండేవారు లేరు, నీళ్ళిచ్చేవారు లేరు. దంపతులిద్దరూ పెద్ద పాత్రలతో గంజి కాచి గడప గడపకు మోసుకొనిపోయి తాగించారు. ఆ పూజారీ, ఆయన భార్యా మంచం పట్టారు. అయినవారు ఎవరూ గడప తొక్కలేదు. తొక్కినది ఈ దొరగారూ, దొరసానిగారూ. చివరి ఘడియలలో ఆ పూజారి తన పసిబిడ్డను వారి చేతిలోనే పెట్టి, మీరే పెంచండి అన్నాడు. ఆ తరువాతనే కొండవారి మనసులు మెత్తబడ్డవి. ప్రసంగాలు తెరవలేని తలుపు గంజి తెరిచింది. ప్రసంగాలు చేసేవాడిని నేనే గనుక ఈ మాట అనగలుగుతున్నాను.

సహోదరులారా, ఇంతవరకు నేను చెప్పింది సేవ సంగతి. శతవార్షిక సంచికలలో ఇవి ఎలాగూ వ్రాస్తాము. నేను మీ ముందు పెట్టదలచినది రెండవ సంగతి.

1914 జూలైలో వారికి కుమారుడు పాల్ పుట్టాడు. తరువాత కూతురు కానీ. ఆ పిల్లలు కొండ పిల్లల్లాగే పెరిగారు. పాల్‌కు పాఠాలంటే విసుగు. చెట్టెక్కి కూర్చుంటే తప్ప లెక్కలు చేసేవాడు కాడు. తల్లి క్రింద నిలబడితే, పైనుండి కాగితం క్రిందికి జారవిడిచేవాడట. ఇక తండ్రి పల్లెలకు వెళ్ళే దారులలో పిల్లలను వెంట తీసుకొని నడిచేవారు. చెదపుట్టను కొంచెం విప్పి అందులోని గదులు, బాటలు చూపించేవారు. గిజిగాడు గూడు ఎలా అల్లిందో, ఇసుకలో గుంట చేసుకొని ఏ పురుగు ఏ చీమ కోసం కాచుకొని ఉన్నదో చూపించేవారు. సృష్టిని చూపి సృష్టికర్తను గూర్చి చెప్పేవారు. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయంలో మోషే ఇశ్రాయేలు తండ్రులకు ఏమి ఆజ్ఞాపించాడో మనకందరికీ కంఠతా వచ్చు. ఇంట కూర్చున్నప్పుడు మాత్రమే కాక, త్రోవను నడుచునప్పుడు కూడా బిడ్డలకు నేర్పవలెనన్నాడు. ఆ త్రోవ అనే మాటను మనం ఎప్పుడూ అలంకారంగా చదువుకుంటాము. జెస్సీ గారు దానిని నిజమైన త్రోవగా, రాళ్ళూ ముళ్ళూ ఉన్న త్రోవగా తీసుకొన్నారు.

ఒక రోజు ముగ్గురు కొత్తవారు ఇంటి ముందుకు వచ్చారు. కుష్ఠు రోగులు. జెస్సీ గారు చేతులకు తొడుగులు వేసుకొని, వారి కాళ్ళు కడిగి కట్లు కట్టారు. తల్లి పండ్ల బుట్ట ఇచ్చింది. వారు వెళ్ళాక, వారు కూర్చున్న చోట ఆడవద్దని పిల్లలకు చెప్పారు. ఆ బుట్టను కూడా కాల్చివేశారు. ఆనాటికి ఆ వ్యాధికి సరియైన మందు లేదు, భయం అటువంటిది. నాన్నగారి ముఖంలో ఎప్పుడూ చూడని భయాన్నీ, భయపడుతూనే కట్టు కట్టిన చేతులనూ ఆ పిల్లవాడు చూశాడు. ఏండ్ల తరువాత కుష్ఠు రోగి చేతిని తన చేతిలోకి తీసుకొన్నవాడు ఆ పిల్లవాడే.

అదే కొండలో మరొక పాఠం ఒక ముసలాయన చెప్పాడు. పిల్లలంతా మెట్ల మెట్లుగా ఉన్న వరి మడులలో కప్పలు పడుతూ గట్టు తొక్కి నీళ్ళు బురద చేశారు. మడులకు కాపలా ఉండే తాత చేతికర్ర పట్టుకొని వచ్చాడు. కొట్టలేదు. దోసెడు బురద తీసి చూపించి, ఈ మన్ను ఏటేటా అన్నం పెడుతుంది, నీళ్ళతో క్రిందికి పోయిందంటే మళ్ళీ కొండ ఎక్కదు, మీ పిల్లలకు ఉండదు అని చెప్పాడు. పాల్ గారు పెద్దవారయ్యాక ఈ సంగతి వ్రాసుకొన్నారు. ఏండ్ల తరువాత ఆ కొండలకు తిరిగి వెళ్ళి, చెట్లు నరికిన చోట్ల మన్ను కొట్టుకొనిపోయి రాళ్ళు తేలడం చూసి దుఃఖపడ్డారు.

1923లో తల్లిదండ్రులు ఇద్దరు పిల్లలనూ ఇంగ్లండుకు తీసుకొని వెళ్ళారు. పాల్‌కు తొమ్మిదేండ్లు. కొండపై మలేరియా, పై చదువుకు బడి లేదు. ఆనాటి మిషనరీలలో చాలామందిలాగే వారు కూడా పిల్లలను లండనులో బంధువుల దగ్గర విడిచి తిరిగి ఓడ ఎక్కారు. నీలం సముద్రం మధ్యన ఉంది. ఓడ మీద ఉత్తరం చేరడానికి వారాలు పట్టేది. తండ్రి కొండ మీద నుండి ఉత్తరాలు వ్రాస్తూ ఉండేవారు. అందులో బోధలు మాత్రమే ఉండేవి కావు. ఈవేళ ఏ దారిన వెళ్ళాను, ఏ చెట్టు పూసింది, ఏ పురుగును చూశాను అని వ్రాసేవారు. నడకను కాగితం మీద కొనసాగించారన్నమాట.

1929 జూన్ 15న జెస్సీ బ్రాండ్ గారు చనిపోయారు. మలేరియా ముదిరి వచ్చే బ్లాక్‌వాటర్ జ్వరం. వయస్సు 44. ఆయన పెంచిన కొండవారే ఆయనను కొండమీద సమాధి చేశారు. లండనుకు తంతి వెళ్ళింది. పాల్‌కు ఇంకా పదిహేనేండ్లు నిండలేదు. తంతి వేగంగా వెళ్ళింది, ఉత్తరాలు ఓడ మీద నెమ్మదిగా వెళ్ళినవి. తండ్రి లేడని తెలిసిన తరువాత కూడా కొన్ని వారాలపాటు తండ్రి చేతివ్రాతతో ఉత్తరాలు వస్తూనే ఉన్నవి. అందులో కొండల మీది గాలి, పూచిన చెట్లు, దేవునికి కృతజ్ఞతలు. ఆ బిడ్డ వాటిని ఎలా విప్పి చదివి ఉంటాడో!

నేను నలభైలలో ఉన్నవాడిని. ఆయన వయస్సు నా వయస్సే. అందుకని ఒక మాట దాపరికం లేకుండా అడుగుతాను. పిల్లలను అలా విడిచి రావడం సరియేనా? మన సభలలో దీనిని త్యాగమని పొగడి దాటిపోవడం వాడుక. నేను అంత సులభంగా దాటలేను. భర్త పోయాక తల్లి ఇంగ్లండుకు వచ్చినప్పుడు, కొడుకు జ్ఞాపకంలో ఉన్న అందమైన, ఎత్తైన అమ్మ బదులు, దుఃఖంతో వంగిపోయిన ముసలామె ఓడ దిగింది. ఈమె మా అమ్మేనా అని అతనికి అనిపించిందట. ఆరేండ్ల ఎడబాటుకు వెల ఉన్నది. దానిని తండ్రి చెల్లించాడు, తల్లి చెల్లించింది. అందరికంటె ఎక్కువగా చెల్లించినవారు, అభిప్రాయం అడగబడని ఆ ఇద్దరు పిల్లలు. వారి దినాలలో వేరే మార్గం లేదేమో. తీర్పు తీర్చడానికి నేనెవరిని? అయితే ఆ ఎడబాటునే మాదిరిగా తీసుకొని, ఇంటిని మరచుటే సేవ అని మనం చెప్పుకొనరాదు.

ఎందుచేతనంటే, ఆ కొడుకును నిలబెట్టింది తండ్రి దూరం కాదు, దగ్గరతనం. పాల్ గారు తన పుస్తకాలలో తండ్రిని గూర్చి వ్రాసిన చోటులన్నీ చూడండి. అవన్నీ తండ్రితో కలిసి నడిచిన దారులే. తొమ్మిదేండ్ల నడక, ఆరేండ్ల ఉత్తరాలు. అంతే ఆయనకు దొరికిన తండ్రి. ఆ కొడుకు మొదట తండ్రి వృత్తియే పట్టి, కొన్నేండ్లు వడ్రంగం, తాపీపని నేర్చుకొన్నాడు. తరువాత వైద్యం చదివి, 1946లో వెల్లూరు వచ్చాడు. కుష్ఠు రోగుల వ్రేళ్ళు వ్యాధివలన వాటంతట అవే కుళ్ళి రాలిపోవుననే తలంపు తప్పనీ, నొప్పి తెలియనందున గాయాలై పాడవుతున్నవనీ లోకానికి రుజువు చేశాడు. తన పిల్లలు ఆరుగురు. భార్య మార్గరెట్ గారు కంటి వైద్యురాలు.  2003లో కాలం చేశారు.

ఇక ఆ తల్లి! భర్త పోయిన తరువాత మళ్ళీ ఇండియా వచ్చింది. అరువదెనిమిదవ ఏట, 1947లో, మిషను వారు విశ్రాంతి తీసుకొమ్మంటే, సొంతంగా కొల్లి మలైకి ఎక్కింది. తానూ భర్తా ఒకనాడు కలలుగన్న ఐదు కొండల వరుసలలోనూ గుర్రం ఎక్కి తిరిగి పనిచేసింది. భర్త మొదలుపెట్టిన నారికురుపు పోరాటం కూడా సాగించింది. 1974 డిసెంబరులో, 95వ ఏట కన్నుమూసింది. ఆమెను ఆ కొండమీదనే భర్త ప్రక్కన పడుకోబెట్టారు. భర్త పోయిన నలభై అయిదేండ్లకు ఆమె ఆ సమాధి ప్రక్కకు చేరింది.

సహోదరులారా, ఇక ముగిస్తాను. ఈ నూరేండ్లలో మన డయోసిస్‌లో ఎన్ని దేవాలయాలు కట్టబడినవో, ఎన్ని బడులు, ఆస్పత్రులు నడిచినవో లెక్కలు ఈ సంచికలో వచ్చును. అది న్యాయమే. కాని ఎందరు తండ్రులు బిడ్డల చేయి పట్టుకొని నడిచారో ఏ రిజిస్టరులోనూ ఉండదు. సంఘము రేపు నిలిచేది దానిమీదనే. కనుక మూడు మనవులు చేస్తున్నాను.

మొదటిది. సేవకు వెళ్ళేటప్పుడు ఒక్కొక్కసారైనా బిడ్డను వెంట తీసుకొని వెళ్ళండి. రోగిని చూడబోయినప్పుడు, మొక్కలు నాటినప్పుడు, వరద బాధితులకు బియ్యం పంచినప్పుడు. మనం భయపడుతూ చేసే మంచిపనిని కూడా వారు చూడనివ్వండి. జెస్సీ గారి కొడుకు నేర్చుకొన్నది అక్కడనే.

రెండవది. బిడ్డలతో బయటికి నడవండి. దీనికి ఖర్చు లేదు. మన గోదావరి గట్లు, చెరువు కట్టలు, కొండ దారులు ఇంకా ఉన్నవి. గిజిగాడు గూళ్ళు తగ్గిపోతున్నవి, ఉన్నప్పుడే చూపించండి. దోసెడు మన్ను చేతిలో పెట్టి, ఇది ఎవరిదో చెప్పండి.

మూడవది. దూరాన హాస్టళ్ళలో ఉన్న బిడ్డలకు ఫోను చేస్తున్నాము. ఫీజు కట్టామా, మార్కులెన్ని అని అడిగి పెట్టేస్తున్నాము. ఈవేళ ఏమి చూశాను అని చెప్పండి, నువ్వేమి చూశావు అని అడగండి. వీలైతే ఉత్తరం వ్రాయండి. ఫోనులో మాట గాలికి పోతుంది. కాగితం మిగులుతుంది. మనం పోయిన తరువాత కూడా చేరే ఉత్తరం ఒకటైనా ప్రతి బిడ్డ దగ్గరా ఉండనివ్వండి.

మా అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇంకా బాకీయే. పోయిన శనివారం సాయంకాలం విజిటింగు పుస్తకంలో పదకొండు ఇండ్ల క్రింద పన్నెండవదిగా మా ఇంటి పేరు వ్రాసుకొన్నాను. ఇద్దరమూ చెరువు కట్ట మీద చీకటి పడేదాకా నడిచాము. ఏమీ బోధించలేదు. కొంగలను లెక్కపెట్టాము. దాని లెక్క ముప్పై ఒకటి, నా లెక్క ఇరవై ఎనిమిది. వచ్చే శనివారం మళ్ళీ లెక్కపెట్టాలట.

కొండలలోనూ, ఇండ్లలోనూ తన సేవకులను నడిపించిన దేవుడు మనలను, మన బిడ్డలను రాబోయే నూరేండ్లకు నడిపించును గాక. ఆమేన్.